డయోడ్ లేని రెండు రంధ్రాలు

నాచారం పారిశ్రామికవాడలో నేను పనిచేసే కంపెనీలో ఒక గది తలుపు మీద ఆర్ అండ్ డీ అని రాసి ఉంటుంది. డీలర్లు వస్తున్నారంటే ఆ గదిలోని ఖాళీ అట్టపెట్టెలు బయటికి వెళ్తాయి. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ లోపలికి వస్తాయి. ఆ పెట్టెల మధ్య కూర్చునే ఆర్ అండ్ డీ మొత్తం నేనొక్కడినే.

మేం చేసేది ఎక్కువగా స్టెబిలైజర్లు. కొత్తగా ఏం చేయాలన్నదాంట్లో మా యజమానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఇంకెవరో ఒక వస్తువును మార్కెట్లోకి దించాలి. అది అమ్ముడుపోవాలి. అప్పుడు మేం ఒక పీసు కొనుక్కొచ్చి, విప్పి, ఉన్నదున్నట్టు చేయాలి. దీన్ని ఆయన స్ట్రాటజీ అంటాడు.

నాకు ఆ పద్ధతి ఏనాడూ నచ్చలేదు. బోడుప్పల్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు కాలిపోయినప్పుడు, ఎవరూ అడగకుండానే ఒక చిన్న బోర్డు తయారుచేశాను. పోయిన కరెంటు వచ్చాక అది కాసేపు ఆగి మోటారును మొదలుపెడుతుంది. పైపులో నీళ్ళు ఇంకా వెనక్కి దిగుతుండగా మోటారు తిరిగితే దెబ్బతింటుంది, అందుకే ఆ ఆగడం. అయితే కరెంటు క్షణంపాటు పోయి వచ్చినా బోర్డు మళ్ళీ మొదటినుంచి ఆగాలంటే అందులో ఒక డయోడ్ ఉండాలి. మిరియపు గింజంత కూడా ఉండని వస్తువు. అది లేకపోతే బోర్డు తన వంతు ఆగడం అయిపోయిందనుకుని వెంటనే మోటారును ఆన్ చేసేస్తుంది.

ఇక పెట్టాల్సింది ఆ డయోడ్ ఒక్కటే. దాని కోసం బోర్డు మూలన రెండు రంధ్రాలు వేసి ఉంచాను. సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉండగానే యజమాని నా గదిలోకి వచ్చి బోర్డు లాక్కున్నాడు.

"పైన డీలర్లున్నరు, సూపెట్టి మల్ల ఇస్త."

"సార్, ఒక్క డయోడ్ పెట్టాలె."

"సూపెట్టనీకే గదా, పెళ్ళి జేస్తున్నమా దానికి?"

నేనూ వెంట వెళ్ళాను. డీలర్లకు బోర్డు బాగా నచ్చింది. ఎవరు చేశారని అడిగితే యజమాని పక్కనే ఉన్న ప్రొడక్షన్ మేనేజర్ భుజం తట్టి, "మావోడే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "తమ్మీ, సమోసాలు తక్కువైనయ్, జర సూడు" అన్నాడు. నేను వెళ్ళి సమోసాలు తెచ్చాను. వచ్చేసరికి ఒక డీలరు ఆ బోర్డును తన దుకాణంలో పెట్టి చూస్తానని పట్టుకుపోయాడు. అది మళ్ళీ తిరిగి రాలేదు.

ఆ బోర్డును తయారీలో పెడదామని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన జవాబు ఒక్కటే. "ఇంకెవరన్న దించనీ, సూద్దాం."

కొన్నేళ్ళకు ఇంకెవరో దించారు. ఒకరోజు యజమాని ఒక ఆకుపచ్చ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఉప్పల్‌ల మస్తు పోతున్నదట ఇది. సేమ్ టు సేమ్ కావాలె."

విప్పాను. ఇంకెవరూ కాపీ కొట్టకుండా ఐసీ చిప్పు మీది నంబరును సాండ్‌పేపర్‌తో రుద్దేశారు. నాకు ఆ నంబరుతో పనిలేకపోయింది. బోర్డు మూలన రెండు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. నేను వేసినచోటే, నేను వేసినంత దూరంలోనే. అవి ఎందుకున్నాయో తెలియక, తీసేస్తే ఏమవుతుందోనని భయపడి, వాటిని కూడా కాపీ చేశారు.

"సార్, ఇది మనదే. ఆనాడు డీలర్ కొంచవోయిన బోర్డు."

నేను ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంకేంది మరి! జల్ది అయితది."

"ఈసారన్న డయోడ్ పెడ్త సార్."

"వద్దు. వాళ్ళది నడుస్తున్నది. నువ్వు చెయ్యి పెడితే ఏమైతదో ఎవనికెరుక?"

"మరి ఆ ఖాళీ హోల్స్ ఎందుకు?"

"ఉండనీ. సేమ్ అంటే సేమే."

ఆ బోర్డు సరైనదని నేను సంతకం పెట్టనన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ పెట్టాడు. పెట్టి, నా పెన్నే నా జేబులో గుచ్చి వెళ్ళాడు.

ఎండాకాలం వచ్చింది. కరెంటు పోతూ వస్తూ ఉంది. మోటార్లు కాలిపోయాయి, వాటి వెనకాలే మా బోర్డులు తిరిగొచ్చాయి. యజమాని నన్ను సర్వీస్ బల్ల మీదికి మార్చాడు. "నీకు ఎరుకే గదా దాని సంగతి" అన్నాడు, ఆ సంగతి నేను ముందే చెప్పలేదన్నట్టు. వచ్చిన ప్రతి బోర్డులో నేను డయోడ్ పెట్టి పంపాను. ఎవరూ పెట్టమనలేదు. వద్దనడానికి ఎవరికీ తెలియలేదు. ఒక డీలరు మాత్రం ఫోన్ చేశాడు.

"అన్నా, రిపేరై వచ్చినయ్ మల్ల ఖరాబు కాలే. మాకు కొత్తవి వద్దు, రిపేరు జేసినయే పంపుండ్రి."

ఆ ఫోన్‌ను యజమానికి వినిపించాను. ఆయన నవ్వి, "సూసినవా, మన సర్వీసు ఎట్లున్నదో!" అన్నాడు. కొత్త బోర్డులు మాత్రం ఖాళీ రంధ్రాలతోనే వెళ్తూ ఉన్నాయి.

పోయిన నెల ఆయన మళ్ళీ ఒక ఆకుపచ్చ డబ్బా తెచ్చాడు. అదే పోటీ కంపెనీ, కొత్త మోడల్. విప్పి చూస్తే రెండు రంధ్రాల్లో డయోడ్ ఉంది. నేను డయోడ్‌ను బోర్డుకు ఆనించకుండా కాస్త ఎత్తులో నిలబెడతాను, అది నా అలవాటు. ఇక్కడా అంతే ఎత్తులో నిలబడి ఉంది. నేను రిపేరు చేసిన పీసు ఏదో వాళ్ళ బల్ల మీదికి చేరిందన్నమాట.

"సూడు," అన్నాడు యజమాని, "వాళ్ళ ఆర్ అండ్ డీ ఎంత ముందున్నదో! నువ్వూ ఉన్నవ్. జర నేర్సుకో. మనం గూడ పెట్టాలె ఇది."

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే "ఇంకేంది మరి, జల్ది అయితది" అంటాడు. ఆ మాట రెండోసారి వినే ఓపిక నాకు లేదు. బోర్డు సరైనదనే కాగితం లాక్కుని, ప్రొడక్షన్ మేనేజర్ కంటే ముందు నేనే సంతకం పెట్టాను.

డయోడ్‌తో ఉన్న బోర్డులు ఈ వారం బయటికి వెళ్తున్నాయి. డీలర్ల మీటింగ్ కోసం నా గదిలోంచి అట్టపెట్టెలు తీసేస్తున్నారు. ఎవరు చేశారని అడిగితే ఆయన ఎవరి భుజం తడతాడో ఈసారి అక్కడే నిలబడి చూస్తాను. సమోసాలు తక్కువైతే తక్కువవనీ.