డాక్టరు కూర్చున్న రోజు

సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసిన ఓదెలు ఏ మిషన్‌నూ నమ్మడు. కన్ను తిప్పితే పోగు తెంపుతుందంటాడు. కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వస్తున్నా ఆ గుణం పోలేదు. రాగానే బరువు రెండుసార్లు చూసుకుంటాడు. రక్తం కడిగే ఫిల్టరు మీద తన పేరుందో లేదో కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతాడు.

"ఇంకొకలది నీకెందుకు పెడత బాపూ?" అంటుంది నర్సు అలేఖ్య.

"ఏమో బిడ్డా, సూసుకుంటే పోయేదేముంది."

అన్నిటికన్నా అతని అనుమానం కిడ్నీ డాక్టరు మీద. నాలుగు జిల్లాలకు ఆయనొక్కడే. నెలకోసారి వచ్చి, మంచాల మధ్య నడుస్తూనే కాగితాలు చూసి, నడుస్తూనే వెళ్ళిపోతాడు. "గీ సారు మనుషులను సూస్తుండా, మంచాల నంబర్లు సూస్తుండా?" అని ఓదెలు పక్క మంచాయనతో గొణుగుతాడు.

మొన్న ఆ డాక్టరు స్టూలు లాక్కుని ఓదెలు పక్కన కూర్చున్నాడు. కాళ్ళ వాపు నొక్కి చూశాడు. ఏం తింటున్నావని అడిగాడు. చెయ్యి పట్టుకుని పది నిమిషాలు నిదానంగా మాట్లాడాడు. అన్నిటికీ తలూపిన ఓదెలు, ఆయన గది దాటేదాకా ఆగి, అలేఖ్యను దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. సారు ఎందుకు కూసున్నడు?"