ఏస్తేరు పిన్ని చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చాక, ఏడాదికి సరిపడా తెప్పించిన మిరపకాయల్ని మా డాబా మీద పోశాను. ఒంగోలు ఎండ సంగతి తెలిసిందే కదా. బస్తా మూతి విప్పానో లేదో, ఘాటు గుప్పుమని ముక్కులో కొట్టింది. వరసపెట్టి ఏడు తుమ్ములు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ముచ్చికలు తీయడం మాత్రం ఆపలేదు. "తుమ్మితే తుమ్మావు గానీ చేతులు ఆపమాకు" అని చిన్నప్పుడు నా వెనకాలే నిలబడి ఒకావిడ అంటుండేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నా చేతులు ఇంకా ఆవిడ మాటే వింటున్నాయి. ఆవిడ పేరు ఏస్తేరమ్మ. నాకు మాత్రం ఏస్తేరు పిన్ని.

పిన్ని అన్నది వరస మాత్రమే, రక్తసంబంధం కాదు. వినుకొండ దగ్గర మా ఊళ్లో మా వీధీ వాళ్ల వీధీ ఒకటే, గుడి ఒకటే. మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్ల ముఠాకు ఆవిడ మేస్త్రి. ఏ రైతు చేలో ఎంతమంది దిగాలో, ఎవరు ఏ సాలు పట్టాలో అంతా ఆవిడే చెప్పేది. నేను సెలవుల్లో ఆ ముఠాతో కోతకు వెళ్లేదాన్ని. మేం కోసిన సాలు వెంట ఆవిడ మళ్లీ నడిచేది. ఆకుల చాటున ఒక్క పండు కాయ మిగిలి కనపడిందా, అంతే సంగతులు! "ఎవరే ఈ సాలు? కళ్లు ఇంటికాడ పెట్టొచ్చారా?" అని చేను దద్దరిల్లేలా అరిచేది. ఆవిడంటే మాకు హడల్. పని సరిగ్గా చేసినవాళ్లను కూడా మెచ్చుకునేది కాదు. తిట్టకపోతే అదే మెప్పు అని మేమే సరిపెట్టుకునేవాళ్లం.

మా వీధిలో "ఊరికే" అన్న మాటకు మర్యాద లేదు. రెక్కాడించుకుని బతికేవాళ్లం, ఊరికే వచ్చింది తీసుకోవడమంటే తల తీసినట్టుండేది. రైతు భార్య మజ్జిగ పోస్తే, వాళ్ల గడపలో నాలుగు చీపురు దెబ్బలైనా వేసి వచ్చేవాళ్లం. పిన్నికి ఈ పట్టింపు అందరికంటే ఎక్కువ. అట్లాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బైబిలు వాక్యం చదువుకుని, "పాపం నుంచి రక్షణ దేవుడు ఊరికే ఇస్తాడంట, చూశావా! మనం ఏం చేసినందుకూ కాదంట" అని నాతో ఆశ్చర్యపడుతూ చెప్పేది. నాకు ఆ మాట తలకెక్కేది కాదు. నేను ఆదివారపు బడిలో ఏటా మొదటి బహుమతి కొట్టేసే పిల్లని. నా పేరే సుగుణ. నాలాంటిదానికి ఊరికే ఇవ్వాల్సిన ఖర్మేముంది, నేను సంపాదించుకున్నానుగా అనుకునేదాన్ని.

మా నాన్న యోహాను ట్రాక్టరు డ్రైవరు. తాగుతాడు. తాగి అమ్మను కొడతాడు. తొంభైల చివర్లో, నేను ఇంటరు చదివే రోజుల్లో, కోత ముఠాను ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుని వస్తూ, తాగిన మత్తులో కాలవకట్ట మలుపు దగ్గర బోల్తా కొట్టించాడు. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. కానీ పిన్ని కుడిచెయ్యి ట్రక్కు అంచు కింద నలిగిపోయింది. రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి కొయ్యబారిపోయాయి. ఆ చెయ్యి మిరపకాయ కోస్తుంటే చూడముచ్చటగా ఉండేది, రెమ్మ కదిలేది కాదు. నాన్న ఆవిడ గడప తొక్కలేదు, తప్పయిందని ఒక్క మాట అనలేదు. నెల్లాళ్లు ఎటో పోయి వచ్చి, ఇంకా ఎక్కువ తాగాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని నాన్నా అని పిలవడం మానేశాను.

సిగ్గుతో చచ్చిపోయి, పిన్ని ఇంటి పని మొత్తం నా నెత్తిన వేసుకున్నాను. నీళ్లు మోయడం, బట్టలుతకడం, జడ వేయడం. కొన్నాళ్లు ఊరుకుంది. ఒకరోజు నేను బిందె ఎత్తబోతుంటే ఎడమచేత్తో దాని మెడ పట్టుకుని ఆపేసింది.

"ఎందుకు చేస్తున్నావే ఇదంతా?"

"మా నా... అదే, మా ఇంట్లో ఆయన చేసినదానికి."

"ప్రేమతో అయితే చెయ్యి. బాకీ తీర్చడానికైతే బిందె అక్కడ పెట్టి ఎల్లు. ఇది నువ్వు తీర్చేది కాదు" అంది. నాకు కోపం వచ్చి బిందె పెట్టేసి వెళ్లిపోయాను. రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను. ఈసారి ఆవిడ బిందె పట్టుకుని ఆపలేదు.

మూడేళ్లు గడిచాయి. పిన్ని ఎడమచేత్తో కాయలు ఏరడం నేర్చుకుని మళ్లీ మేస్త్రిగా నిలబడింది. నాన్న కాలేయం పాడైపోయింది. గుంటూరు తీసుకెళ్తే, ఇంటికి తీసుకెళ్లండి, కొన్ని వారాలేనని డాక్టరు చెప్పేశాడు. బస్సులో వచ్చేటప్పుడు నాన్న కిటికీలోకి చూస్తూ, "నేను బాప్తీస్మం తీసుకుంటానే" అన్నాడు అమ్మతో. అమ్మ ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ మమ్మల్ని ఏడిపించి, ఇప్పుడు చివరి బస్సు ఎక్కేస్తానంటాడా అనుకున్నాను.

మా పాస్టరు గారిని అయ్యగారు అనేవాళ్లం. మెత్తని మనిషి, కానీ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. తాగుడు లాంటి అలవాట్లున్నవాళ్లు బాప్తీస్మానికి ముందు మూడు నెలలు మాని చూపించాలి. ఆ తర్వాత ఇంట్లో మనిషి ఒకరు సంఘం ముందు నిలబడి, ఈయన మారాడని సాక్ష్యం చెప్పాలి. నాన్నకు మూడు నెలలు లేవు. అందుకని అయ్యగారు నన్ను పిలిచి, "గడువు సంగతి నేను పెద్దలతో మాట్లాడతాను. నువ్వు ఆదివారపు బడి టీచరువి, నీ మాటకు విలువుంది. మీ నాన్న మారాడని ఒక్క మాట చెప్పమ్మా, చాలు" అన్నారు. "పది రోజుల క్రితం కూడా తాగారండి. గుళ్లో అబద్ధం ఎట్లా చెప్పను?" అన్నాను. నిజమే చెప్పాను. అయితే ఆ నిజం చెబుతున్నప్పుడు నా లోపల ఎంత హాయిగా ఉందో నాకొక్కదానికే తెలుసు. ఆయన బయటే ఉండిపోవాలి. నాకు కావలసింది అదే.

ఇది నాన్నకు తెలిసింది. మర్నాటి నుంచి కత్తి పట్టుకుని గుడికి పోవడం మొదలుపెట్టాడు. గుడి చుట్టూ సర్కారుతుమ్మ కంప పెరిగిపోయి ఉంది. దాన్ని కొడతాడట! రెండు దెబ్బలు వేయడం, కూలబడి ఆయాసపడటం. పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉన్న మనిషి. నేను గుడి లోపల ఊడుస్తూ కిటికీలోంచి చూసీ చూడనట్టు చూస్తున్నాను. పిన్ని మంచినీళ్ల చెంబుతో వచ్చింది.

"ఏం బావా, ఏం చేస్తున్నావు?"

"కనపడట్లా? కంప కొడుతున్నా. ఊరికే వచ్చి నీళ్లలో ముంచమంటే బాగుంటదా? ఏదో ఒకటి చేస్తేనే గదా మొహం చెల్లేది."

పిన్ని చెంబు కింద పెట్టి, తన కుడిచెయ్యి ఆయన మొహం ముందుకు చాపింది. "ఎంత కంప కొడితే దీనికి సరిపోద్ది?"

నాన్న తల దించుకున్నాడు. ఆవిడ చెయ్యి తీయలేదు.

"చూడు బావా, చూసి చెప్పు. ఈ గుడిదంతా కొట్టు, పక్కూరి గుడిది కూడా కొట్టు. ఏలు మొలుస్తదా?"

మూడేళ్లలో మొదటిసారి ఆ చేతివంక చూశాడు. "మొలవదు" అన్నాడు.

"మరి? ఇది నువ్వు చేసి తీర్చేది కాదు. నీ బదులు ఏసయ్య తీర్చాడని నమ్ముతున్నావా లేదా? అది చెప్పు."

"నమ్మాలనే ఉంది ఏస్తేరూ. నాలాంటోడికి ఊరికే ఇస్తాడంటేనే నమ్మబుద్ధి కావట్లా."

"ఊరికే ఏంది? ఆయన ప్రాణం పోయింది. ఊరికే అన్నది నీ వరకే" అంది పిన్ని. ఆయన చేతిలోంచి కత్తి తీసుకుని, చెంబు అందించింది. నాన్న నీళ్లు తాగలేదు. అక్కడే, ఆ కంప మధ్యన కూర్చుని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నేను చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, "యోహాను గారి గురించి సాక్ష్యం ఎవరు చెబుతారు?" అని అడిగారు. అందరూ నావంక చూశారు. నేను చాప ఈనెలు గిల్లుతూ కూర్చున్నాను. అప్పుడు వెనక వరసలోంచి పిన్ని లేచింది.

"నేను చెబుతానయ్యగారూ. ఈయన తాగుబోతు. పెళ్లాన్ని కొట్టాడు. నా చెయ్యి చూడండి, ఇది ఈయన చేసిన పనే. మారాడా అంటే, నాకు తెలవదు. మారి చూపించే టైము కూడా ఈయనకి లేదు. ఈయన్లో మంచి ఏముందని అడిగితే నాకేం కనపడలా. ఏసయ్యని నమ్మానంటున్నాడు. ఇదే నా సాక్ష్యం."

సంఘపెద్ద ఒకాయన లేచి, "ఇట్లాగైతే రేపు ఊళ్లో తాగుబోతులంతా వచ్చి కూర్చుంటారు" అన్నాడు. పిన్ని ఆయన వైపు తిరిగి, మిరపచేలో అరిచినట్టే అరిచింది. "రానీయండి! మనం ఏం చూపించి వచ్చామంట లోపలికి?" ఆయన కూర్చున్నాడు. అయ్యగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఈ సంగతే ముప్పై ఏళ్లుగా మీకు బోధిస్తున్నాను. అవసరం వచ్చేసరికి కట్టుబాటు చాటున దాక్కున్నాను" అన్నారు. ఇంత మాట అందరి ముందూ అనగలిగారే అని ఆయన మీద గౌరవం పెరిగింది. నా మీద నాకు మాత్రం అసహ్యం వేసింది.

బాప్తీస్మం ఇద్దామంటే కాలవ కట్టేసిన రోజులు, చుక్క నీరు లేదు. ఒక రైతు తన చేలో బోరు తొట్టి వాడుకోమన్నాడు. కరెంటు కోసం పొద్దున్నుంచీ కాచుకుంటే మధ్యాహ్నానికి వచ్చింది. తొట్టి నిండింది. అయ్యగారు నీళ్లలో నిలబడ్డారు. నాన్నను దించడానికి ఒకవైపు పట్టుకునే మనిషి కావాలి. పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. దిగాను. ఆయన మునిగి లేచేటప్పుడు కాలు జారింది. "నాన్నా, అంచు పట్టుకో" అన్నాను, అనుకోకుండానే. ఆయన అంచు పట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన ఏదో పుణ్యకార్యం చేశాడని చెబితే అబద్ధమవుతుంది. మంచం దిగలేదు. జావలో ఉప్పు లేదని అమ్మను కసిరాడు. కాస్సేపటికి అమ్మ చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాడు, అదొక్కటే. సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ పిన్నిని అడిగాను. "నీకెట్లా మనసొప్పింది పిన్నీ?"

"ఒప్పలేదే. ఇప్పటికీ మీ నాన్నంటే నాకు మంటే. ఇచ్చేది నేనైతే చచ్చినా ఇచ్చేదాన్ని కాదు. నాది కాదుగా."

"మరి మంచిపనులు దేనికిక? నువ్వెందుకు రోగిష్టోళ్ల ఇళ్లన్నీ తిరుగుతావు?"

"అన్నం పెట్టినావిడకి అంట్లు తోమిపెట్టమా? తోమితే పెడుతుందని కాదుగా" అంది, ఇంత చదువుకున్నావు ఇదీ తెలియదా అన్నట్టు.

కొన్నేళ్లకు నాకు ఒంగోలులో టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఒక ఆడపిల్ల. పిన్నికి జబ్బు చేసి మంచాన పడిందని కబురొస్తే బస్సెక్కి వెళ్లాను. ఎముకల గూడైపోయింది. అంత గొంతూ ఏమైపోయిందో! నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, మెల్లగా, "భయమేస్తోందే" అంది. నేను నిర్ఘాంతపోయాను.

"మీ నాన్న మీద కోపం పోలేదే నాకు. ఇన్నేళ్లు పెట్టుకున్నా. ఆ కోపంతో పోతే రానిస్తాడంటావా?"

"అదేం మాట పిన్నీ! ఎంతమందికి చేశావు నువ్వు! ఎందరు రోగిష్టోళ్లను చూశావు, గుడికి ఎంత చాకిరీ చేశావు" అని మొదలుపెట్టాను. ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది. కళ్లు మూసుకుని తల అడ్డంగా తిప్పింది. ఆవిడ నాకు నేర్పిన పాఠాన్ని ఆవిడ ముందే తప్పు చదువుతున్నానని అప్పుడు తట్టింది. ఆ కొయ్యబారిన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"మా నాన్నను రానిచ్చినవాడు పిన్నీ, నిన్ను ఆపుతాడా?"

ఆవిడ కళ్లు తెరిచింది. తర్వాత పెదాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాను. నవ్వు. "అయితే పోంగానే మీ నాన్న మొహమే చూడాలన్నమాట, ఖర్మ!" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. ఆ వారంలోనే పిన్ని పోయింది. భయం లేకుండా పోయిందని పక్కనున్నవాళ్లు చెప్పారు.

మా అమ్మాయికి ఒక సంగతి చెప్పి ఉంచాను. నా చివరి గడియలో ఎవరైనా మంచం పక్కన కూర్చుని నా మంచిపనులు ఏకరువు పెట్టబోతే, ఆపించమన్నాను. మా నాన్న పేరొక్కటి నా చెవిలో చెబితే చాలు.