ఇంకేమన్న వాడుతున్నవా?

మా అక్క పోయిన తర్వాత ఇంట్లో నన్ను ఏదైనా అడిగేవాళ్లు లేకుండా పోయారు. పెళ్లిళ్లు చేసుకోకుండా మేమిద్దరం సుబేదారిలో ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లు పోట్లాడుకుంటూ బతికాం. పొద్దున నేను ముఖం కడుక్కోకముందే వంటింట్లోంచి "షుగర్ గోలీ ఏసుకున్నవా?" అని అరిచేది. విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఎవరూ లేరు.

అందుకే పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టాను. నడక కోసమని అందరికీ చెప్పాను గానీ, నేను పోయింది గేటు దగ్గరి రసాల బండి కోసం. ఒకావిడ కాకర, వేప, సొరకాయ రసాలు తెచ్చి స్టీలు గ్లాసుల్లో పోస్తుంది. నడక అయిపోయినవాళ్లు బండి చుట్టూ నిలబడి ఒక పావుగంట మాట్లాడుకుంటారు. రోజు మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది ఆ పావుగంటే.

చేతిలో గ్లాసు లేకుండా అక్కడ నిలబడితే బాగుండదు కదా. కాకర రసంతో మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి రిటైరైన టీచరు సారు ఒకాయన షుగర్‌కు మంచిదని మెంతిపొడి పొట్లం తెచ్చిచ్చాడు. మర మగ్గాలు నడుపుకునే ఇంటావిడ ఒకామె, నన్ను అక్కా అని పిలుస్తుంది, పొడపత్రి ఆకు ఎండబెట్టి దంచి సీసాలో పోసి తెచ్చింది. ఇంకో వారం నేరేడు గింజల పొడి కూడా తెచ్చింది. మర్నాడు పొద్దున తప్పకుండా "తాగినవా అక్కా? ఎట్లుంది?" అని అడిగేది. ఆ మాట కోసం ఆమె మట్టి ఇచ్చినా మింగేదాన్ని.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నేను ముప్పై ఏళ్లు దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చున్నదాన్ని. అందులో చాలా ఏళ్లు కేసముద్రంలో. మార్కెట్‌కు పత్తి తెచ్చినవాళ్లు చీటీ పట్టుకుని వస్తే, "ఇంకేమన్న వాడుతున్నవా?" అని అడగనిదే గోలీలు ఇచ్చేదాన్ని కాదు. అందరూ లేదనేవాళ్లు. ఒక ముసలాయన మాత్రం దాచేవాడు కాదు. ఒకసారి కరక్కాయ, ఒకసారి ఏదో వేరు, ఒకసారి ఎవరో ఇచ్చిన లేహ్యం, అన్నీ తువ్వాలు మూటలోంచి తీసి కిటికీ మీద పెట్టేవాడు. ఎవరేదిస్తే అది తింటావా అని లైను మొత్తానికీ వినపడేలా కేకలేసేదాన్ని. కొన్నాళ్లకు ఆయన కూడా లేదనడం మొదలుపెట్టాడు.

ఒకరోజు బండి దగ్గర రసం తాగి, ఇంటికొచ్చి పొడులన్నీ నీళ్లలో కలుపుకుని తాగి, గోలీ వేసుకున్నాను. ఒక్కదాని కోసం ఏం వండుకుంటాలే అని టిఫిన్ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. తొమ్మిదింటికి బట్టలు ఆరేస్తుంటే ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. షుగర్ పడిపోతోందని నాకు తెలుసు, ఎందరికో చెప్పినదాన్ని. గోడ పట్టుకుని వంటింటి దాకా పోయాను. చక్కెర డబ్బా మూత రాలేదు. అక్క ఎప్పుడూ వదులుగా పెట్టేది, నేను చీమలు పడతాయని బిగించి పెడతాను. నేల మీద కూలబడి, డబ్బా మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మూతను పళ్లతో లాగాను. నోటి నిండా చక్కెర పోసుకుని ఏడ్చాను. చచ్చిపోతానని కాదు. పోతే, మర్నాడు పొద్దున బండి దగ్గర తప్ప, నేను కనపడలేదని ఇంకెక్కడా ఎవరూ అనుకోరని.

ఆ సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోయాను. చిన్న వయసు అమ్మాయి. చీటీ చూసి, ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగింది. లేదన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. తలుపు దాకా పోయాక ఆ తువ్వాలు మూట గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి కూర్చుని అన్నీ చెప్పాను.

ఆమె తిట్టలేదు. ఆకులే కదా అనుకోవద్దని, అవి పనిచేస్తాయి కాబట్టే ఈ చిక్కంతా అని అంది. గోలీ షుగర్‌ను కిందికి లాగుతుంది, ఈ నాలుగూ కూడా అటే లాగితే ఎక్కడిదాకా పడిపోతుందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో దంచిన పొడిలో ఎంత బలముందో ఎవరు కొలిచారు? అన్నీ ఆపమంది. తర్వాత ఏదైనా వాడాలనిపిస్తే తనకు చెప్పి, ఒక్కటే మొదలుపెట్టి, షుగర్ చూసుకుంటూ ఉండమంది. అందులో నాకు తెలియని ముక్క ఒక్కటీ లేదు. చివర్లో పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"ఇంట్ల మీతోని ఎవరుంటరు మేడం?"

ముప్పై ఏళ్లలో ఆ కిటికీ దగ్గర నేను ఎవరినీ అడగని మాట అది. ముసలాయనకు ఆ వేళ్లూ లేహ్యాలూ ఇచ్చినవాళ్లంతా మర్నాడు ఎట్లుందని అడిగే ఉంటారు. నేను మాత్రం కేకలేశాను.

మర్నాడు పొడులన్నీ సంచిలో వేసుకుని బండి దగ్గరికి పోయాను. జరిగింది చెప్పి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. డాక్టర్లు అట్లాగే అంటారని సారు ముఖం తిప్పుకున్నాడు. మగ్గాల ఇంటావిడ సీసా తీసుకుని కొంగులో చుట్టుకుంది. వాళ్లాయన కోసం దంచిన దాంట్లోంచి తీసి నాకు పెట్టిందట పాపం. ఆ తర్వాత మూడు రోజులు ఎవరి గ్లాసు గురించి వాళ్లు మాట్లాడుకున్నారు, నన్నెవరూ ఏమీ అడగలేదు. నాలుగో రోజు బండి ఆవిడ గ్లాసులు కడుగుతూ మామూలుగా అంది.

"ఏం తాగుతలేరు గద మేడం, మరి రోజు ఎందుకు నిలబడుతున్రు?"

ఊరికేనని నవ్వేయొచ్చు. కానీ ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"ఇంట్ల మాట్లాడేటోళ్లు లేరు. గందుకే వస్తున్న."

సారు వాచీ చూసుకున్నాడు. ఎందుకు చెప్పానా అనుకుంటూ ఇంటిదారి పట్టాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో, మగ్గాల ఇంటావిడ వెనకాలే వచ్చి నా సంచి పట్టుకుంది.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా అక్కా?"

లేదన్నాను. ఈసారి అది అబద్ధం కాదు.