పునీత అంతోనీ ఖాళీ చేతులు

కొండమీద అడవి అంటుకుని అది మూడో రోజు. పోలీసు జీపు సాన్ లూకాస్ ఊరంతా తిరిగి, అరగంటలో ఇళ్ళు ఖాళీ చేయాలని మైకులో చెప్పి వెళ్ళింది. ఊరు ఊరంతా మూటలు కట్టుకుంటుంటే తొంభై ఒక్కేళ్ళ ప్లాసిడా మాత్రం వంటింట్లో కూర్చుని తీరిగ్గా చిక్కుడు గింజలు ఏరుతోంది.

"అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతాను, లేవవే!" అంది డెల్ఫీనా. యాభైకి దగ్గరపడిన ఆ మనవరాలు పట్నం నుంచి కారేసుకుని వచ్చింది, ముసలావిడను తీసుకుపోవడానికి.

"నువ్వు పో. నాకు పొయ్యిమీద పనుంది."

రోజూ సాయంత్రం ఆవిడ పొయ్యి పక్కన రెండు గిన్నెలు మూతపెట్టి ఉంచుతుంది. పెద్దది కొడుకు రోములోకని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నది ఎవరికో అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు.

ప్లాసిడాను ఎరగనివాళ్ళు ఆ లోయలో లేరు. పాదిరిగారు ఆ ఊరికి నెలకొక్కసారి వస్తారు. చావు ఆయన కోసం ఆగదు కదా! అందుకని అరవై ఏళ్ళపాటు చావు ఇళ్ళలో జపమాల చెప్పించింది ఆవిడే. ఎవరైనా పోతే ముందు ఆవిడకు కబురు, తర్వాతే శవపెట్టె చేసే వడ్రంగికి. పదిహేడో ఏట గొర్రెలు కాసేవాడి పెళ్ళాంగా ఆ మట్టి ఇంట్లో కాలుపెట్టి, తొమ్మిదిమందిని కని, ఇద్దరిని మట్టికిచ్చి, ఏడుగురిని పెంచింది. దేవుణ్ణి ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఆవిడ తగువంతా పునీత అంతోనీతోనే.

కడగొట్టువాడు రోములో పంతొమ్మిదో ఏట తండ్రితో గొడవపడి కొలరాడోలో చక్కెర దుంపల పొలాల్లో పనికని పోయాడు. మళ్ళీ ఉత్తరం ముక్క లేదు. పోయినవి వెతికిపెట్టాల్సిన పునీతుడు అంతోనీయే కదా అని ప్లాసిడా ఆయన ముందు ఏడాది కొవ్వొత్తులు వెలిగించింది. ఆయన పలకలేదు. ఒకరోజు ఒళ్ళు మండి, గూట్లోని అంతోనీ చెక్కబొమ్మ ఎత్తుకున్న బాల యేసును ఆ చేతుల్లోంచి ఊడదీసింది.

"నా బిడ్డను తెచ్చియ్యి, నీ బిడ్డను తీసుకో" అని ఆ బొటనవేలంత పసివాణ్ణి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. అక్కడి ఆడవాళ్ళు చేసే పనే అది. మామూలుగా వారానికో నెలకో పోయింది దొరుకుతుంది, పసివాడు చేతుల్లోకి చేరతాడు. ఇక్కడ మాత్రం నలభై ఏళ్ళు గడిచాయి.

ఆ తాళం వేసిన రోజుల్లో ఎనిమిదేళ్ళ డెల్ఫీనాకు పసివాడికి పెట్టెలో ఊపిరాడదేమోనని బెంగ పట్టుకుంది. అమ్మమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు తాళం తీసి, వాణ్ణి దాచుకుని, గుడ్డలో మొక్కజొన్న కండె ముక్క చుట్టిపెట్టింది. మర్నాడు మళ్ళీ పెట్టేద్దామంటే తాళంచెవి చిక్కలేదు. తర్వాత భయం, ఆ తర్వాత సిగ్గు. వాడిప్పటికీ పట్నంలో ఆమె కుట్టుపెట్టెలో ఉన్నాడు.

"అంతోనీని కార్లో పెట్టేశాను. ఆ పెట్టె కూడా ఎక్కిస్తాను, కదులు" అంది డెల్ఫీనా.

"అందులో ఏముందే? మొక్కజొన్న కండె!"

పెట్టె వైపు వెళ్ళబోయిన డెల్ఫీనా ఆగిపోయింది.

"నువ్వు చిన్నపిల్లవి, ఆ ఏడు ఈస్టరుకే చూశాను. వేసిన తాళం వేసినట్టే ఉంది, పసివాడు లేడు. నేను బెంగపడతానని బదులు కండె పెట్టి, నా రోములోను వెతకడానికి పోయాడే! చిన్న కాళ్ళు కదా, ఆలస్యమవుతోంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే ఎట్లా?"

కిటికీ అవతల బూడిద రాలుతోంది. దారిలో ఎవరో ఆపకుండా హారన్ కొడుతున్నారు. నోరు మూసుకుంటే అమ్మమ్మ ఇక్కడే కాలిపోతుంది. నోరు విప్పితే నలభై ఏళ్ళుగా ఆవిణ్ణి నిలబెట్టిన నమ్మకం కాస్తా కూలిపోతుంది. డెల్ఫీనా నేలమీద కూలబడి ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది.

"వాడెక్కడికీ పోలేదమ్మమ్మా. నేనే తీశాను. మా ఇంట్లో ఉన్నాడు."

"ఒట్టు?"

"ఒట్టు."

ప్లాసిడా మనవరాలి మొహంలోకి చూసింది. కొడుతుందేమోనని డెల్ఫీనా కళ్ళు మూసుకుంది, కొట్టినా బాగుండేది. ముసలావిడ లేచి, ఏరిన గింజలు డబ్బాలో పోసి, రెండు గిన్నెలూ బోర్లించింది. వచ్చి కార్లో కూర్చుంది.

పట్నంలో డెల్ఫీనా కుట్టుపెట్టె తెరిచి ఇస్తే, ముసలావిడ పసివాడికి అంటిన దారప్పోగులు ఊది, అంతోనీ చేతుల్లో కూర్చోబెట్టింది.

"అదేంటి, మామయ్య ఇంకా రాలేదుగా?" అంది డెల్ఫీనా బిక్కుబిక్కుమంటూ.

"రాడు. మా ఇద్దరిలో ఒకళ్ళ చేతుల్లోనైనా బిడ్డ ఉండనీ."

తర్వాత జపమాల తీసి, గొంతు సవరించుకుని, రోములో పేరు చెప్పి, చావు ఇళ్ళలో చెప్పించే జపం మొదలుపెట్టింది.