ఎలుగుబంటి పడ్డ బావి

నా చిన్నప్పుడు మా తాతయ్య అచ్చంపేటలో ఆఫీసుల దగ్గర ఓ టీకొట్టు అరుగు మీద కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టేవాడు. ప్రతిదానికీ కార్బన్ నకలు తీసి, నంబరు వేసి, కట్టలో పెట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ నకళ్ళలోని మాటల్ని ఇంకో నోటుబుక్కులో ఎక్కించేవాడు: మాట, దాని పక్కన అది వచ్చిన కాగితాల నంబర్లు. రాసిందే మళ్ళీ రాస్తాడని నానమ్మ సణిగేది.

ఒక వేసవి సెలవుల్లో ఆ పని నేను అందుకున్నాను. నా తెలివి చూపించుకోవాలని, తాతయ్య వదిలేసిన "పొలం" అన్న మాటకు కూడా పేజీల నిండా నంబర్లు ఎక్కించాను.

అప్పుడే ఒకరోజు నల్లమల లోపలి గూడెం నుంచి ఒకామె పరుగున వచ్చింది. ఆమె పొలం తనదేనని పక్క పొలంవాడు అంటున్నాడట. విచారణకు వచ్చిన అధికారి, ఆ పొలం గురించి ఆమె ఇదివరకు తాతయ్యతో రాయించుకున్న దరఖాస్తు నకలు చూపించమన్నాడు. ఆఫీసు ముందు ఆగి ఉన్న ఆయన జీపు మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. ఏ సంవత్సరం రాయించిందో ఆమెకు గుర్తులేదు. పేరు పట్టుకుని వెతుకుదామంటే ఆ పేరువాళ్ళు కట్టలో కొల్లలు. ఆ పొలం పోతే ఆమెకు ఇంకేమీ లేదు.

నేను గొప్పగా "పొలం" పేజీ తీసి, మొదటి నంబరు నుంచి కాగితాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. ఎన్ని తిప్పినా పొలాలే. ఆమె జీపు వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య నోటుబుక్కు లాక్కుని ఆమెను అడిగాడు. "ఇంకొకల పొలంల లేనిది నీ పొలంల ఏమున్నదమ్మా?"

"ఏమున్నది సారూ, ఎలుగుబంటి పడ్డ బాయొక్కటున్నది. అది గుడ రాసినవ్ గదా!"

"ఎలుగుబంటి" ఎదురుగా రెండే నంబర్లున్నాయి. రెండో కాగితం ఆమెది. దాన్ని పట్టుకుని ఉరికింది. జీపు కదిలేలోపే అందుకుంది. పొలం ఆమెకే దక్కింది.

ఆమె వెళ్ళాక తాతయ్య నా "పొలం" పేజీని అడ్డంగా కొట్టేశాడు. "అన్ని కాయిదాలల్ల ఉండే మాట మనల్ని ఏడికీ తీస్కపోదు బిడ్డా" అన్నాడు, కోపం లేకుండానే.

పెద్దయ్యాక డేటాబేస్ పనే నా ఉద్యోగమైంది. లక్షల అర్జీల్లో ఒక మాట వెతకమంటే కంప్యూటరు ఒక్కో వరుసా చదువుకుంటూ పోయేది. నేను చేసిందల్లా మాటల సూచికను ముందే కట్టించడం, అన్నిట్లో ఉండే మాటల్ని తీసేయించడం, అరుదైన మాటతో వెతుకులాట మొదలుపెట్టించడం. కొత్త అర్జీ ఎక్కించేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. అడిగినప్పుడు మాత్రం వెంటనే దొరుకుతుంది.

నేను నేర్పిన పిల్లలు ఇప్పటికీ, వెతుకులాట ఆలస్యమైతే, "ఇంకో మూడు సెకన్లే కదా మేడమ్" అంటుంటారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండుతుంది. నేను కాగితాలు తిప్పుతున్నంతసేపూ ఆమె ఎలా నిలబడిందో వాళ్ళు చూడలేదు. నేను చూశాను.