మైకులో రాని పేరు

“...డ్రిల్ మాస్టారి అమ్మ కంటికి పదకొండు రోజులు ప్రార్థన చేశావు, బడి ఆయమ్మ మోకాలికి వారం రోజులు చేశావు, నా నడుము దగ్గరికొచ్చేసరికి మైకు పని చెయ్యలేదా?”

“మెల్లగా అనండి, పైవాటావాళ్లు వింటారు. పేరు కావాలంటే ఎనిమిదిన్నరకి గేటు దగ్గర నాతో చెప్పాలి. అందరూ అలాగే చెప్తారు.”

“మొగుణ్ణి. గేటు దగ్గర నిలబడి అర్జీ పెట్టుకోవాలా?”

“అయితే మానెయ్యండి,” అని ఆమె చెప్పులు వేసుకుంది.

ఆమె బడిలో రెండో తరగతి టీచరు. ఆయన ఆ బడి పిల్లలకు యూనిఫారాలు కుట్టే దర్జీ. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కూడా మెడలో టేపు తీయడం మరిచిపోతాడు కనుక ఆయన్ను అందరూ టేపాయన అంటారు. కొట్టుకీ బడి ఆవరణకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీదుగా, మెట్ల దగ్గర కట్టిన లౌడ్‌స్పీకరు సరిగ్గా ఆయన కుట్టుమిషను వైపే నోరు తెరిచి ఉంటుంది.

రోజూ తొమ్మిదింటికి పావుగంట ముందు అందులోంచి ఆయన భార్య గొంతు వస్తుంది. ముందు పిల్లల కోసం, పరీక్షల కోసం, వానల కోసం. అక్కడిదాకా ఆయన మడతలు కుడుతూనే ఉంటాడు. పేర్లు మొదలవగానే కాలు పెడలు మీంచి తీసేస్తాడు. ఒక్కో పేరునీ ఆమె చంటిపిల్లను చేతికందించినట్టు మెత్తగా పలుకుతుంది. పెదాల మధ్య గుండుసూదులు ఉండటంతో ఆయనకు ఆమేన్ అనడానికి వీలయ్యేది కాదు. వీలున్నా అనేవాడు కాదు.

ఇంట్లో ఆమెకు అంత మాట ఉండదు. నలభై ఇద్దరు పిల్లలతో సాయంత్రం దాకా అరిచి వచ్చేసరికి గొంతులో నాలుగు మాటలు మిగిలేవి. వాటిలో రెండు కుక్కరు గురించి. పెళ్లై ఇరవై నాలుగేళ్లయింది. ఆమె గొంతు తీరిగ్గా వినాలంటే ఆయనకు గోడ అవతలి మైకే దిక్కు. అందులో తన పేరు ఒక్కసారీ రాలేదు.

డ్రిల్ మాస్టారు విజిలేసే మనిషి. భుజాలు బాగుంటాయి. ఆయన చొక్కా కొలతలు రాసుకుంటున్నప్పుడు టేపాయన భుజం దగ్గర అరంగుళం తగ్గించి రాసుకున్నాడు. మళ్లీ సిగ్గేసి దిద్దుకున్నాడు.

ఒక ఆదివారం పాస్టరుగారు, ప్రభువు కొండమీద చెప్పిన మాటలు చదివారు. నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లలా ఉండొద్దు, నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకో, రహస్యంగా చూసే తండ్రితో చెప్పుకో అని ఆ మాటల సారం. చిన్నప్పటినుంచీ విన్నవే. ఆ రోజు మాత్రం టేపాయనకు ప్రభువే తన తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు అనిపించింది. ఆడవాళ్ల వైపు చూశాడు. భార్య తల వంచుకుని ఉంది.

మంగళవారం కొత్త స్కర్టు నమూనా చూపించే వంకతో పెద్ద టీచరమ్మ గదికి వెళ్లాడు. నమూనా బల్లమీద పెట్టి, మైకులో ప్రార్థన వాక్యానికి విరుద్ధమని మొదలుపెట్టాడు. ప్రభువు తలుపు వేసుకోమంటే మనం లౌడ్‌స్పీకరు పెట్టుకున్నాం అన్నాడు. బడిలో వేరే మతాల పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ల చేత కళ్లు మూయించడం న్యాయమా అని కూడా అడిగాడు. దారిలో ఆ చివరి మాట తోచినందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

పెద్ద టీచరమ్మ నవ్వి పంపేస్తుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఆ సంగతే అడగడానికి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఆమె దగ్గరికి అప్పటికే వచ్చి వెళ్లారట. గురువారం పాస్టరుగారిని పిలిపించింది. రెండో తరగతి టీచరునీ కూర్చోమంది.

పాస్టరుగారు తొందరపడే మనిషి కాదు. స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు పైకే ప్రార్థించాడని గుర్తుచేశారు. చుట్టూ నిలబడ్డవాళ్లు వినాలనే అలా చేశానని తానే చెప్పాడన్నారు. వేలమంది ముందు రొట్టెలు పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. కాబట్టి నలుగురిలో నోరు తెరవడం తప్పు కాదు, నలుగురి కోసమే నోరు తెరవడం తప్పు. అలాగని టీచరు చూస్తోందని కళ్లు మూసుకున్న పిల్లాడిది ప్రార్థన కాదని కూడా అన్నారు. పరలోకపు తండ్రి హాజరుపట్టీ పట్టుకుని కూర్చోడు, ఇష్టంలేని వాణ్ణి నిలబెట్టమని ఆయన ఎక్కడా చెప్పలేదు. తర్వాత టేపాయన వైపు తిరిగారు.

“టైలర్ గారూ, ఆ వాక్యం ఎదుటివాళ్ల ఒంటికి పట్టి చూసేది కాదు. ఎవరికి వాళ్లం వేసుకుని చూసుకోవాలి. మీకది ఇప్పుడు ఎందుకు కావాల్సి వచ్చింది?”

“వాక్యం కోసమేనండి అయ్యగారూ,” అన్నాడు టేపాయన.

భార్య ఆయన్ను చూసింది.

సోమవారం నుంచి మైకు ఉండదని పెద్ద టీచరమ్మ నిర్ణయించింది. పిల్లలంతా ఒక నిమిషం మౌనంగా నిలబడతారు, ఎవరి మనసులో ఏమున్నా వాళ్లిష్టం. ప్రార్థన కావాలనుకున్న పెద్దలు గంట కొట్టకముందు రెండో తరగతి గదికి వెళ్లవచ్చు. టీచరు సరేనంది. మైకు కోసం ఒక్క మాటైనా వాదిస్తుందనుకున్న టేపాయనకు అది ముల్లులా గుచ్చుకుంది. ఆమెకు మైకు మీద ఆశ లేదు. ఉన్నది తనకే.

సోమవారం ఆయన మామూలుగానే పెడలు మీంచి కాలు తీశాడు. గోడ అవతల ఏ గొంతూ లేదు. నిమిషం తర్వాత విజిలు వినిపించింది, ఆపైన పిల్లల గోల.

కొట్టు వెనక మెట్టెక్కితే రెండో తరగతి తలుపు కనిపిస్తుంది. మంగళవారం మెట్టెక్కాడు. ఆయమ్మ లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. ఏడు నిమిషాలు. బుధవారం డ్రిల్ మాస్టారు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తలుపు మూసుకుంది. పదకొండు నిమిషాలు. బయటికి వస్తూ ఆ ముసలామె కళ్లు తుడుచుకుంది, ఆయన భార్య ఆవిడ వీపు నిమిరింది. గురువారం డ్రిల్ మాస్టారు ఒక్కడే వచ్చాడు. మైకులో ఐతే కనీసం ఏం చెప్పుకున్నాడో తెలిసేది. తలుపు వెయ్యమన్నది ప్రభువే అయినా, వేయించింది తనే. టేపాయన కిందికి దిగి ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు.

శనివారం ఒంటిపూట బడి. ఆమె క్యారియరు తీసుకుని కొట్టుకే వచ్చింది. పాడైన చొక్కా బల్లమీద చూసి, కత్తెర అందుకుని మిగిలిన గుడ్డలో కుడిచేతికి ముక్క సరిపోతుందేమో కొలవసాగింది. ఆయన క్యారియరు విప్పలేదు. డ్రిల్ మాస్టారికి ఏం కష్టమొచ్చిందని అడిగాడు.

“గదిలో మాట బయట చెప్పకూడదు. వాక్యం తెచ్చింది మీరేగా.”

“ఒంటరిగా వచ్చాడు.”

“మెట్టెక్కి చూస్తున్నారని ఆయమ్మ చెప్పింది. పడతారు జాగ్రత్త, నడుము అసలే బాగాలేదు.”

ఆ మాట వెటకారమో జాలో ఆయనకు తేలలేదు. చాలాసేపు బాబిన్‌కి దారం చుట్టాడు. నిండిపోయినా చుడుతూనే ఉన్నాడు.

“తలుపు వేసుకుని నువ్వొక్కదానివే ఉన్నప్పుడు,” అన్నాడు చివరికి, “నా పేరెప్పుడైనా అంటావా?”

ఆమె కత్తెర కింద పెట్టింది.

“అది మీకు చెప్పేస్తే ఇక తలుపు వేసినట్టెలా అవుతుంది? మీకు ప్రార్థన కావాలా, పేరు వినపడాలా? నాకెప్పుడూ తెలియలేదు. నడుము నొప్పి మొదలైనప్పుడు కూడా మీరు నాతో అనలేదు. మందుల షాపాయన చెప్తే తెలిసింది. కనీసం అయ్యగారు అడిగినప్పుడైనా నిజం చెప్తారనుకున్నాను.”

వీధిలో ఎవరో సైకిలు ఆపి, ప్యాంటు అయిందా అని అడిగారు. సాయంత్రం రమ్మని ఆమే చెప్పి పంపింది. గుడ్డ సరిపోదని తేలింది. ముక్కలు మడిచి పక్కన పెట్టి, క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటీ తీసి ఆయన ముందు పేర్చింది.

టేపాయన మెడలోంచి టేపు తీసి బల్లమీద పెట్టాడు.

“సోమవారం పొద్దున పెద్ద టీచరమ్మ గదికి వెళ్తాను,” అన్నాడు. “అయ్యగారిని కూడా రమ్మంటాను. మైకు వద్దని ఎందుకన్నానో ఇద్దరి ముందూ చెప్తాను. నువ్వు కూడా ఉండు.”