నిద్రగన్నేరు గిన్నె

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో కారు బాగుచేయించుకోవడానికి వెళ్ళి, పనయ్యేదాకా పక్క షాపు ముందు కూర్చున్నాను. లోపల పెద్ద లేత్ మిషను మీద ఏదో ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతోంది. ఆ మోత చెవిన పడగానే మైలవరంలో మా బాబాయి వాళ్ళ వసారా కళ్ళకు కట్టింది. రిటైరైన మగవాళ్ళు ఇంట్లో కూర్చుని పేపరు చదివీ చదివీ భార్యల ప్రాణం తీస్తారు. మా బాబాయి చెక్కపని నేర్చుకుని మా పిన్ని ప్రాణం తీశాడు. కుట్టుమిషనంత లేత్ ఒకటి కొని, వసారాలో బల్లకు బిగించి, అప్పడాల కర్రలు చెక్కడం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండానే మా బంధువుల్లో ఆయన అప్పడాల కర్ర లేని ఇల్లంటూ లేకుండా పోయింది. నేను ఎప్పుడు వెళ్ళినా, "ఇంకోటి తీసుకెళ్ళవే అమ్మాయ్, మీ స్కూల్లో ఎవరికైనా ఇద్దువుగాని" అని సంచిలో పెట్టేసేవాడు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో లెక్కల మేష్టారు దాన్ని బల్ల మీద కొట్టి క్లాసును అదుపులో పెట్టేవారు.

పిన్ని వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెచ్చి అందరూ ఒకేచోట పోస్తారు. అవి లేనివాళ్ళ ఇళ్ళకు చేరతాయి. పోసేది మాత్రం నీలం రంగు ప్లాస్టిక్ టబ్బులో. అది చూసినప్పుడల్లా పిన్నికి మనసొప్పేది కాదు. చర్చి ఆవరణలో ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడే నాటి, బిందెలతో నీళ్ళు మోసి బతికించింది. పిల్లలు లేని మనిషికి ఆ చెట్టంటే ఎంత ప్రాణమో నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక గాలివానకు అది వేళ్ళతో సహా ఒరిగిపోయింది. సంఘం వాళ్ళు తొందరపడి ముక్కలు కోయించి ఎండలో పడేస్తే, అన్నీ నిలువునా పగిలి వంటచెరకుకు పోయాయి. గోడ నీడన పడిన మొద్దు ఒక్కటే మిగిలింది. పిన్ని దాని మీద చెయ్యి వేసి, "ఏవండీ, ఇందులోంచి బియ్యం పోసుకోడానికి ఓ గిన్నె చేసిపెట్టండి. ఇంకేం అడగను" అంది.

అప్పడాల కర్రల మిషనుకు ఆ మొద్దు ఏం సరిపోతుంది? బాబాయి అంచులు చెక్కి ఎలాగో బిగించి స్విచ్ వేస్తే, మిషను బల్లతో సహా గంతులేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆ తర్వాతే ఆటోనగర్ నుంచి ట్రాలీ ఆటోలో పెద్ద లేత్ దిగింది. ఎక్కడ ముట్టుకున్నా చల్లటి పోత ఇనుము. మనుషులు పట్టి లేపుతుంటే వసారా మెట్లు విరుగుతాయేమో అనిపించింది. చిన్నది దాని పక్కన ఏనుగు పక్కన మేకపిల్లలా ఉంది. పాస్టరు గారు వచ్చి దీర్ఘంగా ప్రార్థన చేసి, భక్తి కొద్దీ మిషనుకు నలువైపులా నూనె రాశారు. బెల్టుకు కూడా రాశారు. తీరా స్విచ్ వేస్తే మోటారు మూలిగిందే గాని మొద్దు కదల్లేదు. ఆయన కంగారుపడి ఇంకోసారి ప్రార్థన చేద్దామన్నారు. "దేవుడు విన్నాడు పాస్టరు గారూ, బెల్టే జారుతోంది. మీరు కాసేపు కూర్చోండి" అని బాబాయి బెల్టును గుడ్డతో తుడిచి, నా హ్యాండ్‌బ్యాగులోంచి సుద్దముక్క తీసుకుని రుద్దాడు.

అప్పుడు తిరిగింది. అంత బరువైన మొద్దు ఒక్క కుదుపు లేకుండా తిరుగుతుంటే, బల్ల మీది గ్లాసులో మంచినీళ్ళు కూడా కదల్లేదు. ఉలి ఆనగానే బెరడు ఎగిరిపోయి, తెల్లటి చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా బాబాయి భుజాల మీద పడ్డాయి. ఇంకాస్త లోపలికి పోయేసరికి ఎండు ఖర్జూరం రంగు బయటపడింది. అన్నేళ్ళు మేం ఆ చెట్టు కింద నిలబడి కబుర్లు చెప్పుకున్నాం గాని, లోపల అంత అందం ఉందని ఎవరికి తెలుసు? పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

గిన్నె ఒక రూపానికి వస్తుండగా అంచు మీద సన్నటి పగులు కనిపించింది. బాబాయి మిషను ఆపేశాడు. అది అడుగుదాకా పోయి ఉంటే అంతటితో సరి. ఇంకో మొద్దు లేదు. "ఏం చెయ్యమంటావే?" అన్నాడు, పిన్ని వైపు చూడకుండానే. ఆవిడ, "పోయినంత పోనీండి. మిగిలింది చాలు" అంది. ఆయన అంచును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ, మధ్య మధ్య ఆపి చూసుకుంటూ కిందికి దిగాడు. పగులు కూడా ఆయనతో పాటే దిగింది. సగానికి సగం ఎత్తు పోయింది. మళ్ళీ ఆపినప్పుడు పిన్ని వేలితో అంచంతా తడిమింది. "లేదండీ, ఇంక లేదు" అంది. బాబాయి ఉలి పక్కన పెట్టి, నేల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆ ఆదివారం సగం మంది పోసేసరికే గిన్నె నిండిపోయింది. పాస్టరు గారు మొహమాటంగా అటూ ఇటూ చూస్తుంటే పిన్ని లేచి, "నిండినప్పుడల్లా గోతంలో పోసి మళ్ళీ పెడదామండీ, తొందరేముంది?" అంది. బాబాయి పోయి కొన్నేళ్ళయింది, ఇప్పటికీ అక్కడ అలాగే చేస్తున్నారు. ఎన్నేళ్ళు నీళ్ళు పోసి పెంచుకున్నా, కాలం మన చేతికిచ్చేది పగులు ఆగిన దగ్గర్నుంచి మిగిలినంతే. దాన్నే నింపుకుంటూ, ఒంపుకుంటూ, మళ్ళీ నింపుకుంటూ ఉండాలి.